వరద రాత్రి కూడా మూగబోని రేడియో: విజయవాడ, గుంటూరు ప్రాంతంలో కమ్యూనిటీ స్టేషన్ పెట్టి నడిపే పద్ధతి

2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి విజయవాడ సింగ్‌నగర్ చుట్టుపక్కల కాలనీలు నీట మునిగినప్పుడు ముందు కరెంటు పోయింది, ఆ తర్వాత ఫోన్లలో చార్జింగు అయిపోయింది. మేడ మీద చిక్కుకున్న కుటుంబానికి అప్పుడు కావలసింది రెండే సంగతులు: నీళ్లు ఇంకా పెరుగుతాయా, పడవ ఏ వీధి చివరికి వస్తుంది. రెండు పెన్సిల్ సెల్స్‌తో రోజుల తరబడి పాడే చిన్న రేడియో సెట్టు ఆ పని చేయగలదు. అయితే అవతల మాట్లాడే గొంతు ఆ ఊరిదే అయి ఉండాలి, ఆ రాత్రి గాలిలో ఉండాలి.

అందుకే టవరు ఎత్తు, బ్యాటరీల సంఖ్య, కార్యకర్తల ఇళ్లు ఎంత దూరంలో ఉండాలి వంటి ప్రతి నిర్ణయాన్నీ ఆ ఒక్క రాత్రి నుంచి వెనక్కి లెక్కవేసి చెబుతున్నాం. మామూలు రోజుల పనికి కావలసినవన్నీ అందులోనే ఇమిడిపోతాయి.

ముందు గీత గీయండి

కమ్యూనిటీ రేడియో అంటే లాభం చూసుకోని సంస్థ తన ప్రాంతం కోసం నడిపే చిన్న ఎఫ్‌ఎం స్టేషన్. దానికి ట్రాన్స్‌మిటర్ శక్తి 50 వాట్లు దాటకూడదు. యాంటెన్నా నుంచి వెలువడే ప్రభావ శక్తి మామూలుగా 100 వాట్ల లోపే ఉండాలి. యాంటెన్నా ఎత్తు నేల నుంచి కనీసం 15 మీటర్లు, ఎక్కువలో ఎక్కువ 30 మీటర్లు. నాలుగంతస్తుల భవనం మీద పెడితే భవనం ఎత్తు కూడా ఆ 30లోనే కలుస్తుంది. ఈ హద్దుల్లో ఇంట్లో కూర్చున్న మనిషికి శుభ్రంగా వినిపించేది చుట్టూ 10 కిలోమీటర్ల వరకే అనుకుని మొదలుపెట్టండి. అంతకు మించి వినిపిస్తే సంతోషం, దాన్ని లెక్కలోకి తీసుకోవద్దు.

విజయవాడకూ గుంటూరుకూ మధ్య దూరం 30 కిలోమీటర్ల పైమాటే. ఒకే స్టేషన్‌తో రెండు ఊళ్లకూ వినిపిద్దామన్న ఆశను ఆదిలోనే వదులుకోవాలి. బుడమేరు ఒడ్డు కాలనీలా, తాడేపల్లి–మంగళగిరి చేనేత వాడలా, గుంటూరు చుట్టూ మిర్చి పండించే గ్రామాలా అన్నది ముందే తేల్చుకోండి. ఎఫ్‌ఎం తరంగం దాదాపు తిన్నగా పోతుంది, కొండ అడ్డొస్తే వెనక నీడ పడుతుంది. విజయవాడలో ఇంద్రకీలాద్రి, మొగల్రాజపురం, గుణదల కొండలకు ఒక పక్క టవరు పెడితే రెండో పక్క వీధుల్లో బుస్సుమనే శబ్దమే వినిపిస్తుంది. గుంటూరు వైపు నేల చదునుగా ఉంటుంది కాబట్టి అక్కడ ఈ బెడద తక్కువ. కాగితం మీద కొండలను గుర్తించి, మీరు చేరాలనుకున్న వాడలన్నీ టవరు నుంచి కంటికి కనబడతాయో లేదో మేడ ఎక్కి చూడండి. కనబడని వాడకు రేడియో వినబడదని అనుకోవడమే క్షేమం.

దరఖాస్తుకు ముందే 100 ఇళ్లకు వెళ్లి మూడు ప్రశ్నలు అడగండి. ఇంట్లో రేడియో సెట్టు ఉందా? ఫోనులో ఎఫ్‌ఎం ఉందా, వైరు ఇయర్‌ఫోన్ ఉందా? రోజులో ఏ గంటలో చెవి ఖాళీగా ఉంటుంది? ఇయర్‌ఫోన్ ఎందుకంటే, ఫోనుకు ఆ వైరే యాంటెన్నా. బ్లూటూత్ ఇయర్‌ఫోన్ పెట్టుకున్నవారికి ఎఫ్‌ఎం అందదు. మగ్గం మీద కూర్చునేవారికి చేతులు ఖాళీ ఉండవు, చెవులు రోజంతా ఖాళీ. మిర్చి కళ్లంలో తాలు కాయలు ఏరే ఆడవాళ్ల సంగతీ అంతే. మూడో ప్రశ్నకు వచ్చిన జవాబులను బట్టే ప్రసార వేళలు పెట్టుకోండి.

అనుమతి: ఏది ముందు, ఏది వెనక

గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లో తీర్పు చెప్పింది. 2002లో విద్యాసంస్థలకు, 2006లో లాభాపేక్ష లేని స్వచ్ఛంద సంస్థలకు, కృషి విజ్ఞాన కేంద్రాలకు దారి తెరుచుకుంది. జహీరాబాద్ ప్రాంతంలోని మాచనూరులో దళిత మహిళలు నడిపే సంఘం రేడియో 2008 నుంచి ప్రసారం చేస్తోంది. తెలుగు నేల మీద ఈ పని మొదలుపెట్టేవారు ఒకసారి అక్కడికి వెళ్లి చూసి రావడం మంచిది.

వ్యక్తులకు, రాజకీయ పార్టీలకు, లాభం కోసం నడిచే సంస్థలకు అనుమతి రాదు. సొసైటీగానో ట్రస్టుగానో రిజిస్టరై కనీసం 3 ఏళ్లు నిండి, ఆ ప్రాంతంలో సేవ చేసిన ఆధారాలు చూపాలి. కొత్తగా సంఘం పెట్టి మూడేళ్లు ఆగేకన్నా, ఇప్పటికే ఉన్న రైతు సంఘాన్నో మహిళా సొసైటీనో కలుపుకోవడం దగ్గర దారి.

క్రమం ఇది. కేంద్ర సమాచార, ప్రసార శాఖ వారి బ్రాడ్‌కాస్ట్ సేవా పోర్టల్‌లో దరఖాస్తు వేసి 2,500 రూపాయల రుసుము కట్టాలి. రిజిస్ట్రేషన్ పత్రం, నియమావళి, మూడేళ్ల ఆడిట్ లెక్కలు, వార్షిక నివేదికలు, కార్యవర్గం వివరాలు, టవరు స్థలం జతపరచాలి. ఇతర శాఖల పరిశీలన అయ్యాక ఉద్దేశ పత్రం (లెటర్ ఆఫ్ ఇంటెంట్) వస్తుంది. అప్పుడు టవరు స్థలానికి సాక్ఫా (ఫ్రీక్వెన్సీ కేటాయింపుల స్థాయీ సలహా కమిటీ) అనుమతి, ఫ్రీక్వెన్సీ కేటాయింపు చూసుకుని, 25,000 రూపాయల బ్యాంకు గ్యారంటీ ఇచ్చి శాఖతో ఒప్పందం చేసుకోవాలి. పరికరాలు బిగించాక వైర్‌లెస్ ఆపరేటింగ్ లైసెన్సు. స్పెక్ట్రమ్ రుసుము ఏటా కట్టాలి.

దరఖాస్తులో దొర్లే పొరపాట్లలో అన్నిటికన్నా ఖరీదైనది అక్షాంశ రేఖాంశాలది. ఫోను 16.50 అని చూపిస్తుంది, దరఖాస్తు డిగ్రీలు, నిమిషాలు, సెకన్లు అడుగుతుంది. 16.50 అంటే 16 డిగ్రీల 30 నిమిషాలు. దాన్ని 16 డిగ్రీల 50 నిమిషాలని రాస్తే మీ టవరు కాగితం మీద 37 కిలోమీటర్లు ఉత్తరాన పడుతుంది. దశాంశ భాగాన్ని, అంటే ఇక్కడ 0.50ని, 60తో గుణిస్తే నిమిషాలు, అందులో మిగిలిన దశాంశాన్ని మళ్లీ 60తో గుణిస్తే సెకన్లు. ఇద్దరు విడివిడిగా లెక్కవేసి సరిచూసుకోవాలి. గన్నవరం విమానాశ్రయం వైపు స్థలమైతే ఎత్తు అనుమతి విషయంలో మరింత జాగ్రత్త కావాలి.

లైసెన్సు చేతికి రాకముందు ఒక్క నిమిషం కూడా యాంటెన్నాతో ప్రసారం చేయొద్దు. పరీక్షించాలంటే 50 ఓమ్‌ల, 100 వాట్ల డమ్మీ లోడుకు కలిపి చూసుకోండి. యాంటెన్నా గానీ డమ్మీ లోడు గానీ లేకుండా ట్రాన్స్‌మిటర్ ఆన్ చేస్తే చివరి ట్రాన్సిస్టర్ కాలిపోయే ప్రమాదం ఉంది.

టవరు, కేబుల్, ఎర్తింగ్

చాలా స్టేషన్లు శక్తిని పోగొట్టుకునేది కేబుల్‌లోనే. 40 మీటర్ల ఆర్‌జీ-213 కేబుల్ వేస్తే 50 వాట్లలో యాంటెన్నాకు చేరేది దాదాపు 27 వాట్లు. అదే దూరానికి అరంగుళం ఫోమ్ హీలియాక్స్ వేస్తే 41 వాట్ల దాకా చేరతాయి. రెండు బేల వర్టికల్ డైపోల్ ఆ శక్తిని నేలకు సమాంతరంగా పోగుచేసి సుమారు రెట్టింపు చేస్తుంది కాబట్టి 80 వాట్ల పైచిలుకు ప్రభావ శక్తి వస్తుంది, హద్దూ దాటదు. డబ్బు తక్కువైతే స్టూడియో కుర్చీల దగ్గర తగ్గించుకోండి, కేబుల్ దగ్గర వద్దు. ట్రాన్స్‌మిటర్‌ను టవరుకు వీలైనంత దగ్గరి గదిలో పెట్టి కేబుల్ పొడవు తగ్గించడం మరీ మంచిది.

కేబుల్ వంపు తయారీదారు చెప్పిన వ్యాసార్ధం కంటే బిగుతుగా ఉండకూడదు. బయట ఉన్న ప్రతి కనెక్టరుకూ ముందు సాగే రబ్బరు టేపు, దాని మీద పీవీసీ టేపు, రెండూ కింద నుంచి పైకి చుట్టాలి. పైనుంచి కిందికి చుడితే టేపు మడతలే వాననీటికి దోనెలవుతాయి. గదిలోకి వచ్చేముందు కేబుల్‌ను ఒక వంపు కిందికి దించి పైకి తీసుకురండి, నీరు ఆ వంపు దగ్గరే రాలిపోతుంది. కోతులు తిరిగే కొండ పక్కనైతే మనిషి ఎత్తు దాటేవరకు, డాబా మీద మొత్తం దూరం, జీఐ పైపులో నడపాలి.

మొదటి రోజున తిరుగు శక్తి, అంటే యాంటెన్నా నుంచి ట్రాన్స్‌మిటర్‌కు వెనక్కి వచ్చేది, ఎంతో రాసిపెట్టుకోండి. దాన్ని చూపే కొలత ఎస్‌డబ్ల్యూఆర్. అది 1.5 అంటే వంద వాట్లకు 4 వెనక్కి వస్తున్నాయి, అంటే 50కి 2. అది ఫరవాలేదు. 2 దాటితే 11 శాతం పైనే వెనక్కి వస్తుంది, చాలా ట్రాన్స్‌మిటర్లు తమంతట తామే శక్తి తగ్గించుకుంటాయి. వాన పడ్డాక పెరిగి, ఎండకాస్తే తగ్గితే కనెక్టరులో తేమ చేరిందన్నమాట. ఎండా వానా లేకుండా ఒకేలా పెరిగి ఉంటే యాంటెన్నా వంగిందో బోల్టు వదులైందో చూడాలి.

గై వైర్లతో నిలిపే టవరుకు మూడు దిక్కులా, 120 డిగ్రీల తేడాతో తీగలు లాగాలి. డాబా మీద పిట్టగోడకు కట్టొద్దు, అది గాలివానకు ఊడి వస్తుంది. కాలమ్ మీదికి వచ్చేలా బీములోకి యాంకర్ వేయించి, భవనం ఆ బరువు మోస్తుందని స్ట్రక్చరల్ ఇంజినీరుతో రాయించుకోండి. ఈదురుగాలులు వచ్చే ఏప్రిల్ ముందు, తుపాన్ల అక్టోబరు ముందు తీగలను బిగించే మరలను (టర్న్‌బకిళ్లు) బిగించి గ్రీజు పూయాలి. ప్రసారం నడుస్తుండగా ఎవరూ టవరు ఎక్కకూడదు. ట్రాన్స్‌మిటర్ స్విచ్చుకు తాళం వేసి, ఆ తాళంచెవిని ఎక్కే మనిషి జేబులోనే ఉంచాలి.

ఎర్తింగ్ విషయంలో గుంటూరు రేగడి నేలకు ఒక గుణం ఉంది. వానాకాలంలో తడితో ఉబ్బి ఎర్త్ రాడ్డును గట్టిగా పట్టుకుంటుంది, వేసవిలో బీటలు వారి వదిలేస్తుంది. జూలైలో 2 ఓమ్‌లు చూపిన గొయ్యి మే నెలలో అనేక రెట్లు చూపొచ్చు, సరిగ్గా అప్పుడే వేసవి పిడుగులు పడతాయి. కొలతను మేలో తీసుకోండి, వానాకాలం కొలతను నమ్మకండి. గొయ్యిలో బెంటొనైట్ మట్టి నింపి, ఫిబ్రవరి నుంచి వారానికి రెండుసార్లు నాలుగేసి బిందెల నీళ్లు పోయాలి. 5 ఓమ్‌ల లోపు ఉండాలి, ఇంకా తక్కువైతే ఇంకా మేలు. టవరు ఎర్త్, స్టూడియో ఎర్త్, కరెంటు ఎర్త్ మూడిటినీ రాగి పట్టీతో కలపాలి. విడివిడిగా వదిలేస్తే పిడుగు పడ్డప్పుడు వాటి మధ్య వోల్టేజి తేడా మీ మిక్సర్ గుండా దారి వెతుక్కుంటుంది.

గది

పదడుగులకు పన్నెండడుగుల గది చాలు. ప్రసారానికి ఒకటి, రికార్డింగుకు ఒకటి ఉంటే పని ఆగదు. జాతీయ రహదారికి, రైలు పట్టాలకు దూరంగా, తొమ్మిదంగుళాల ఇటుక గోడలున్న గది ఎంచుకోండి. నేల అంతస్తు వద్దేవద్దు. కారణం మొదటి పేరాలోనే ఉంది.

గోడలకు గుడ్ల అట్టలు అంటిస్తే బయటి హారన్లు ఆగవు, నిప్పంటుకుంటే క్షణాల్లో గది మొత్తం పాకుతుంది. గదిలో మోత తగ్గడానికి 50 మిల్లీమీటర్ల రాక్‌వూల్ పలకలను చెక్క చట్రంలో పెట్టి మీద గోనెపట్టా బిగించండి. మాట్లాడేవారి వెనక గోడకు, ఎదుటి గోడకు, పైకప్పులో సగానికి వేస్తే సరిపోతుంది. బయటి శబ్దం ఆగాలంటే బరువైన తలుపు కావాలి, అంచుల చుట్టూ రబ్బరు ఉండాలి. రెండు గదుల మధ్య కిటికీకి ఒకే మందం అద్దాలు రెండు వేయొద్దు. ఒకటి 6, ఇంకొకటి 10 మిల్లీమీటర్లు ఉంటే ఒకే స్వరానికి రెండూ అదరవు.

విజయవాడ ఎండకు ఏసీ తప్పదు. స్ప్లిట్ ఏసీ గాలి మైకు మీదికి తగలకుండా పెట్టి, రికార్డింగు ముందు గదిని చల్లబరిచి, రికార్డు చేసే పదిహేను నిమిషాలు ఆపేయండి. పాత చోకు ట్యూబ్‌లైట్లు గుయ్యిమంటాయి, తీసేయండి.

మైకు నుంచి గాలి దాకా

డైనమిక్ మైకులు నాలుగు తీసుకోండి. కండెన్సర్ మైకు స్వచ్ఛమైనదే, కానీ పక్కింటి కుక్కర్ విజిల్‌ను కూడా అంతే స్వచ్ఛంగా పట్టుకుంటుంది. ఇవి కాక 8 చానళ్ల మిక్సరు, ప్రసారానికీ ఎడిటింగుకూ వేరువేరు కంప్యూటర్లు, మూసి ఉండే హెడ్‌ఫోన్లు, ఫోను కాల్‌ను మిక్సరుకు కలిపే హైబ్రిడ్, చేతి రికార్డర్లు రెండు కావాలి. ఎడిటింగుకు ఆడాసిటీ, ప్రసార వరుసకు రేడియోడీజే లేదా రివెండెల్ ఉచితంగా దొరుకుతాయి.

మైకుకూ నోటికీ మధ్య వేళ్లు చాచిన జానెడులో సగం దూరం ఉండాలి. మైకును నోటికి సూటిగా కాక కాస్త పక్కవాటుగా పెట్టించండి, ప, ఫ, భ అక్షరాల ఊపిరి పక్కనుంచి పోతుంది. రికార్డింగు మీటరు గరిష్ఠంగా మైనస్ 6 డెసిబెల్స్ దగ్గర ఆగాలి. గొంతు పెంచే బుర్రకథ కళాకారుడు వచ్చినప్పుడు ఆయన మామూలుగా మాట్లాడే మాటకు కాక, తాళం అందుకుని పాడే పాటకు మీటరు సరిచూసుకోవాలి.

ప్రసారం మోనోలో చేయండి. స్టీరియోలో బుస్సుమనే చోట మోనోలో మాట శుభ్రంగా వినిపిస్తుంది, మీ పరిధి ఖర్చు లేకుండా పెరుగుతుంది. ఎడమ కుడి చానళ్లకు ఒకే శబ్దం పంపితే మోనో అయిపోయిందనుకుంటారు చాలామంది. అలా కాదు. స్టీరియో ఎన్‌కోడర్ ఆన్‌లో ఉన్నంతసేపూ 19 కిలోహెర్ట్జ్ పైలట్ సంకేతం వెళ్తూనే ఉంటుంది, శ్రోత సెట్టు స్టీరియోలోనే పనిచేసి ఆ బుస్సును తెస్తుంది. ఎన్‌కోడర్‌ను పూర్తిగా ఆపాలి.

ట్రాన్స్‌మిటర్‌లో ప్రీఎంఫసిస్‌ను, అంటే సన్నని స్వరాలను పెంచి పంపే అమరికను, 50 మైక్రోసెకన్లకు పెట్టండి. అమెరికా మార్కెట్టుకు చేసిన పరికరాలు 75తో వస్తాయి. అలాగే వదిలేస్తే స, శ, ష చెవిలో గుచ్చుకుంటాయి. ట్రాన్స్‌మిటర్ ముందు శబ్దం హద్దు మీరకుండా ఆపే లిమిటర్ ఉండి తీరాలి, డీవియేషన్ (శబ్దాన్ని బట్టి ఫ్రీక్వెన్సీ అటూ ఇటూ జరిగే దూరం) 75 కిలోహెర్ట్జ్ దాటితే గొంతు చిరిగి పక్క స్టేషన్‌కు కూడా ఇబ్బంది. చిన్న పెద్ద శబ్దాల తేడా తగ్గించే కంప్రెసర్‌ను మాత్రం మితంగా వాడండి, మాట మధ్య ఊపిరి కూడా అరుపులా వినిపిస్తుంటే ఎక్కువైనట్టే. కరెంటు లైను నుంచి 50 హెర్ట్జ్ హమ్ (గుయ్యిమనే మోత) వస్తుంటే ప్లగ్గులన్నీ ఒకే బోర్డుకు తెచ్చి, కంప్యూటరుకూ మిక్సరుకూ మధ్య ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి చూడండి.

ప్రసారమైనదంతా 3 నెలలు భద్రపరచాలి. దీన్ని మిక్సరు నుంచి కాక, ఒక మామూలు రేడియో సెట్టు నుంచి కంప్యూటరుకు రికార్డు చేయించండి. అప్పుడు ట్రాన్స్‌మిటర్ ఆగిపోయినా రికార్డులో తెలుస్తుంది. రోజుకు 6 గంటల చొప్పున, 64 కేబీపీఎస్ మోనోలో, 90 రోజులకు పట్టే జాగా 16 జీబీ లోపే.

లైసెన్సు వచ్చిన వారంలోనే ఎనిమిది దిక్కులకూ వెళ్లి, 2 కిలోమీటర్లకు ఒకచోట ఆగి, చవక సెట్టుతో, ఫోనుతో విని 0 నుంచి 5 మార్కులు వేయండి. రోడ్డు మీద కాదు, ఎవరి ఇంట్లోనైనా నేల అంతస్తు వంటగదిలో. అక్కడ వినిపిస్తేనే వినిపించినట్టు.

కరెంటు లెక్క

స్టూడియో, ట్రాన్స్‌మిటర్ కలిపి, ఏసీ కాకుండా, 450 వాట్లు అనుకోండి. 12 వోల్టుల 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్) ట్యూబులర్ బ్యాటరీలు రెండు కలిపితే 3,600 వాట్ అవర్లు. వాటిలో 60 శాతమే వాడాలి, ఇన్వర్టరు 15 శాతం తింటుంది. మిగిలేది 1,830 దాకా. అంటే పూర్తి స్టూడియో 4 గంటలు నడుస్తుంది. వరద రాత్రి కంప్యూటర్లు ఆపి, ట్రాన్స్‌మిటరు, చిన్న మిక్సరు, ఒక ల్యాప్‌టాపు మాత్రం ఉంచితే 180 వాట్లు, 10 గంటలు. గంటకు 20 నిమిషాలే ప్రసారం చేసి మిగతాసేపు ఇన్వర్టరుతో సహా అంతా ఆపేస్తే అవే రెండు బ్యాటరీలు 30 గంటలు లాగుతాయి. శ్రోత సెట్టులో సెల్స్ కూడా అంతే పొదుపు. అందుకే ప్రతి గంట మొదటి 20 నిమిషాలు వినాలన్న అలవాటు ఊరికి ముందునుంచే చెప్పి ఉంచాలి.

వోల్టేజ్ హెచ్చుతగ్గులకు సర్వో స్టెబిలైజర్ పెట్టండి. బ్యాటరీల్లో నీరు నెలకోసారి చూడాలి, వేసవిలో పదిహేను రోజులకోసారి. కిలోవాట్ సోలార్ పలకలు వేస్తే మబ్బు లేని రోజున 4 యూనిట్ల దాకా వస్తుంది, అయితే వరద రోజుల్లో ఆకాశం మబ్బుపట్టి ఉంటుందని మరిచిపోవద్దు.

మనుషులు

మన రాష్ట్రంలో వాలంటీరు అంటే చాలామందికి ఒకప్పటి ప్రభుత్వ వార్డు, గ్రామ వాలంటీరే గుర్తొస్తారు. పింఛను గురించి అడగడానికి జనం స్టేషన్‌కు రావచ్చు కూడా. రేడియో మిత్రులు అనో, మీ ఊరికి నచ్చిన ఇంకో పేరో పెట్టుకుంటే ఆ తికమక ఉండదు.

ఎంతమంది కావాలి? వేరే ఉద్యోగం, ఇంటిపని ఉన్న మనిషి వారానికి ఒక అరగంట కార్యక్రమాన్ని బాగా చేయగలదు. రోజుకు ఒక గంట కొత్త కార్యక్రమం అంటే వారానికి 14 అరగంటలు, 14 మంది. అదనంగా ఆరుగురు ఉంటేనే ఎవరికైనా జ్వరం వస్తే బండి నడుస్తుంది. మొత్తం 20. మొదటి నెలలో 40 మంది వస్తారు, మూడో నెలకు 15 మంది ఉంటారు. ఉత్సాహం చూసి రోజుకు నాలుగు గంటల కొత్త ప్రసారం మొదలుపెట్టిన స్టేషన్ ఆరో నెలలో సినిమా పాటలకు దిగుతుంది. గంటతో మొదలుపెట్టి, ఉదయం వేసింది సాయంత్రం మళ్లీ వేయండి. ఉదయం పొలంలో ఉన్నవారు వినేది సాయంత్రమే.

మార్చిలో ఇంటర్ పరీక్షలు, ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా మిర్చి కళ్లాలు, సంక్రాంతి, దసరా. ఈ రోజుల్లో మనుషులు దొరకరు. వాటికోసం ఏడాది పొడవునా పాతబడని కార్యక్రమాలు కనీసం 10 గంటలు రికార్డు చేసి ఉంచాలి. శిక్షణలో మైకు కన్నా ముందు వినడం నేర్పండి. కొత్తవారికి రెండు వారాలు వేరేవాళ్ల రికార్డింగులు ఇచ్చి, ఎక్కడ విసుగొచ్చిందో నిమిషాలతో సహా రాయించాలి. దారి ఖర్చులు ఇవ్వండి. జేబులోంచి పెట్టుకునే వారే మిగిలే స్టేషన్ మెల్లగా కలిగినవారి స్టేషన్ అవుతుంది.

సలహా, కార్యక్రమాల కమిటీలో కనీసం సగం మంది మహిళలు ఉండాలన్నది 2024 మార్గదర్శకాల నిబంధన. సంతకాలకే పరిమితం కాకుండా, వారు రాగల వేళకే సమావేశం పెట్టండి.

ఏం వినిపించాలి

కనీసం సగం కార్యక్రమాలు స్థానికులు పాల్గొని చేసినవై ఉండాలి. సొంత వార్తలు చదవకూడదు. ఆకాశవాణి వార్తలను ఉన్నవి ఉన్నట్టు వేయొచ్చు. వాతావరణం, ట్రాఫిక్, నీళ్లు, కరెంటు, పరీక్షలు, ఉద్యోగాలు, పండగలు, ప్రకృతి విపత్తులు, ఆరోగ్య హెచ్చరికలు వార్తల కిందికి రావు, చెప్పొచ్చు. స్థానికులకు నిజంగా కావలసినవి కూడా ఇవే.

మిర్చి ధర చెప్పేటప్పుడు యార్డు ప్రకటించినదే, తేదీతో, రకంతో చెప్పాలి. తేజ ధర వేరు, 334 ధర వేరు. ఊరికే మిర్చి ధర ఇంత అంటే విన్న రైతు టిక్కీలు (మిర్చి బస్తాలు) ఎత్తుకుని వచ్చి నష్టపోతాడు. నల్ల తామర పురుగు లాంటి సమస్యకు గుంటూరు దగ్గరి వ్యవసాయ పరిశోధన కేంద్రం లాం ఫారం శాస్త్రవేత్తను, ఆ పురుగును చూసిన రైతును ఒకేచోట కూర్చోబెట్టండి. మందు పేరు, లీటరు నీటికి ఎంత అన్నది రెండుసార్లు, నెమ్మదిగా, రాసుకునే వ్యవధి ఇచ్చి చెప్పించాలి. రైతు ఇచ్చిన అంకెను శాస్త్రవేత్త సరిచూడకుండా గాలిలోకి వదలొద్దు.

సినిమా పాటలకు ఐపీఆర్‌ఎస్, పీపీఎల్ వంటి సంస్థల నుంచి హక్కులు కొనాలి. దానికన్నా నాట్ల పాటలు, భజన బృందాలు, హరికథలు రికార్డు చేసుకోండి. పద్మశ్రీ అందుకున్న బుర్రకథ పితామహుడు షేక్ నాజర్ పుట్టిన పొన్నెకల్లు గుంటూరు జిల్లాదే. ఆ కళను ఇంకా పట్టుకున్నవారు ఉన్నంతలోనే గొంతులు దాచాలి. పాడినవారి దగ్గర ప్రసారానికి, భద్రపరచడానికి ఒప్పుకుంటున్నట్టు తెలుగులో రాసిన పత్రం మీద సంతకం గానీ, రికార్డులోనే మాట గానీ తీసుకోండి.

భాష విషయంలో ఒక్కటే మాట. గుంటూరు పిల్లను పట్టుకుని పుస్తకం చదివినట్టు మాట్లాడించకండి.

డబ్బు

గంటకు 12 నిమిషాల దాకా ప్రకటనలు వేయొచ్చు. ప్రభుత్వ ప్రకటనకు 2024 నుంచి రేటు 10 సెకన్లకు 74 రూపాయలు. రోజుకు 6 నిమిషాలు వస్తే 2,664 రూపాయలు. అవి రోజూ రావు, వచ్చినవాటి బిల్లు ఆలస్యమవుతుంది. కాబట్టి నెల ఖర్చును స్థానిక దుకాణాల ప్రకటనలు, పెళ్లిరోజు శుభాకాంక్షలు, సభ్యుల చందా భరించేలా చూసుకుని, ప్రభుత్వ సొమ్మును కొత్త బ్యాటరీలకు, విడి భాగాలకు దాచండి. వినేవారు కమిటీ ముందు లెక్కలు అడిగితే చూపించేలా పుస్తకం స్టేషన్‌లోనే ఉండాలి.

వరద రాత్రి డ్యూటీ

కృష్ణ ఒడ్డున ఉన్నవారికి ప్రకాశం బ్యారేజీ అంకెలు కంఠతా వచ్చి ఉండాలి. విడుదల 3.97 లక్షల క్యూసెక్కులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 5.69 లక్షలకు రెండోది. 2024 సెప్టెంబరులో అది 11.43 లక్షలు దాటింది. కానీ సింగ్‌నగర్‌ను ముంచింది బుడమేరు, బ్యారేజీ అంకె చూసి అక్కడివారు నిశ్చింతగా ఉండకూడదు. రెండు నీళ్ల సంగతీ విడివిడిగా చెప్పాలి.

స్టేషన్‌కు నడిచి రాగల దూరంలో, మెరక మీద ఇల్లున్న ఆరుగురిని ముందే ఎంచి, ఇద్దరిద్దరుగా ఎనిమిది గంటల వంతులు రాసిపెట్టండి. వాళ్లకు మూడు తాళంచెవులు, గదిలో మూడు రోజులకు మంచినీళ్లు, అటుకులు, టార్చి, రేడియో సెల్స్, కాగితం, పెన్ను. జిల్లా కంట్రోల్ రూముతో మాట్లాడే మనిషి ఒక్కరే ఉండాలి. ఇద్దరు మాట్లాడితే రెండు మాటలు గాలిలోకి వెళ్తాయి.

ప్రతి సందేశం ఇదే వరుసలో చదవాలి: సమయం, ఏ వాడ, ఏమవుతోంది, ఏం చేయాలి, మళ్లీ ఎప్పుడు చెబుతాం. "రాత్రి 9 గంటల 10 నిమిషాలు. పాయకాపురం వారికి. పడవలు ఉదయం 6కి బడి దగ్గరికి వస్తాయి. చీకట్లో నీళ్లలోకి దిగొద్దు. మళ్లీ 10 గంటలకు." ఇంతే. వాక్యం పొడవైతే వినేవారు వాడ పేరు మరిచిపోతారు. ఫోనులో విన్న మాటను కంట్రోల్ రూము నిర్ధారించేదాకా చదవొద్దు, గట్టు తెగిందన్న పుకారు ఒక్కటి చాలు జనం చీకట్లో పరుగెత్తడానికి.

హెచ్చరికలను రికార్డు చేసి తిప్పి తిప్పి వేయడం పెద్ద తప్పు. నీళ్లు తగ్గాక కూడా పాత హెచ్చరిక ఆటోమేటిక్ వరుసలో ఉండిపోయి, తెల్లారి ఆరింటికి మళ్లీ మోగుతుంది. ఆ రాత్రి అన్నీ ప్రత్యక్షంగానే చదవండి. తప్పక రికార్డు చేయాల్సి వస్తే ఫైలు పేరులోనే గడువు గంట రాసి, వంతు మారేటప్పుడు దిగిపోయే ఇద్దరూ గడువు తీరినవి తొలగించి, లాగ్‌బుక్కులో సంతకం పెట్టాకే తాళంచెవులు తర్వాతి ఇద్దరి చేతికి ఇవ్వాలి.